తెర అడుగున

కొనుక్కొచ్చిన పెట్టె బొమ్మని దాచింది, గొంతుని దాచింది.
అడుగున నడిచే అక్షరాల్ని మాత్రం
చేప పొలుసుల్లా గీకి పారేసింది.

ఐలికి పదకొండేళ్లుగా వినపడదు.
ఉక్కు మిల్లులో రోలింగ్ షెడ్డు ఆమె చెవుల్ని
ఒక్కసారిగా కాదు, వాయిదాల మీద వసూలు చేసుకుంది.
టీవీ అంటే ఆమెకి ఆ రెండు వరుసలే.
రికార్డు చేసిన సీరియల్ పెడితే
కాసేపు చూసి, నా వైపు తిరిగి
"వీళ్లందరి నోట్లో నీళ్లున్నాయా?" అంది.

కంపెనీకి ఉత్తరం రాశాను.
ఆ సదుపాయం ఈ మోడల్లో లేదన్నారు, మర్యాదగా.
పెట్టె వెనక నాలుగు స్క్రూలు,
విప్పితే వారంటీ పోతుందని ఒక స్టిక్కరు.
విప్పాను.
లోపల నాకర్థమైంది దుమ్మొక్కటే.

అందుకని ఈ పాత కంప్యూటర్.
లైబ్రరీ వాళ్లు పారేస్తే
పక్కింటి ఓస్కరి మంచు బండి మీద లాక్కొచ్చాడు.
రెండు ట్యూనర్ కార్డులు, ఒక పెద్ద డిస్కు,
రిమోటు కోసం టంకం పెట్టిన కన్ను, కందిగింజంత.
లినక్స్ ఎక్కించాను. ఎక్కలేదు. మళ్లీ ఎక్కించాను.
నల్లటి తెర మీద తెల్లటి వాక్యం:
ట్యూనర్ కనపడలేదు.
దాన్ని చేత్తో పట్టుకునే ఉన్నాను అప్పటికి.

మా తోర్నియోకి నది అవతల స్వీడన్.
యాంటెనాకి సరిహద్దేం తెలుసు,
రెండు దేశాలూ ఒకే కడ్డీ మీద వాలతాయి.
గడియారాలే పోట్లాడుకుంటాయి:
అక్కడ ఏడంటే ఇక్కడ ఎనిమిది.
మొదటి వారమంతా నా పెట్టె,
విందుకి గంట ముందే వెళ్లి కూర్చునే ముసలాడిలా,
ప్రతి స్వీడిష్ సినిమాకీ తొందరపడి వెళ్లి
చేపల వేట కార్యక్రమం పట్టుకొచ్చింది.

అక్షరాలు ఇంకా రాలేదు.
అవి గాల్లోనే ఉన్నాయి,
బొమ్మ పక్కన విడిగా పిల్లకాలువలా పారుతున్నాయి.
పట్టే దోసిలి లేదు.

దోసిలి బ్రెజిల్లో ఉంది.
వాల్దెసీర్ అనే బస్సు మెకానిక్
తన కూతురి కోసం రాసుకున్న రెండొందల వరుసలు,
గొళ్లెం పెట్టకుండా వదిలేసిన తలుపు.
లోపలికెళ్లాను.
మా భాషలో కొన్ని అచ్చులకి నెత్తిన రెండు చుక్కలుంటాయి,
అతని కోడ్ వాటిని తుడిచేస్తోంది.
పేరుకి ఎలక్ట్రీషియన్ని, అదీ రిటైరైనవాణ్ణి,
శీతాకాలమంతా కూర్చుని
పదమూడు వరుసలు కలిపి అతనికే తిరిగి పంపాను.
ఆ చుక్కలు నా బిడ్డలన్నట్టు
జాగ్రత్తగా చూసుకుంటానని జవాబు రాశాడు.

మార్చిలో ఒక మంగళవారం
తెర అడుగున మాటలు నడిచాయి, చుక్కలతో సహా.
ఐలి ఏమీ అనలేదు.
లేచెళ్లి పెట్టె మీద అరచెయ్యి పెట్టింది.
"పిల్లిలా గురక పెడుతోంది" అంది.
ఆ ఫ్యాను మోతకే నాకు రాత్రిళ్లు నిద్ర లేదు.
చెప్పలేదు.

ఇప్పుడు మా గొడవలన్నీ డిస్కు నిండినప్పుడే.
ఏది చెరపాలి?
జూన్ ఇరవై నాటి వాతావరణ వార్తలు ఎందుకు, చెప్పు, అంటే
"ఆ రోజు ఎండ కాసింది" అంటుంది.
అది అలాగే ఉంది.

నిన్న రాత్రి గాలివాన యాంటెనాని పక్కకి తిప్పేసింది.
పోలీసు మొహం పదహారు గళ్లయింది,
గొంతులు కంకర పోసినట్టు గరగరలాడి ఆగిపోయాయి.
కట్టేద్దామని లేచాను.
ఐలి నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.
అడుగున మాటలు చెక్కు చెదరకుండా వస్తున్నాయి,
తేలికపాటివి కదా, ఎలాగో దాటొచ్చాయి.

తలుపు చప్పుడు, అని రాసి ఉంది.
నేను మా వీధి తలుపు వైపు చూశాను.
ఐలి పడీ పడీ నవ్వింది.