ఏ వైపు నుంచి

రాత్రి రెండు. కేజీహెచ్‌లో, వెలుతురు పలక మీద
గరికిన నూకాలు మోచెయ్యి.
జెట్టీ పాకుడు మీద ఐసు పెట్టెతో జారిందట.
ఒక ఎముక తల పగిలింది, ఇంకోదాని కొస రాలింది,
బంధనం తెగింది. కీలు తప్పింది.

లోపలి వైపు కోస్తే నరం,
చిటికెన వేలి ప్రాణమంతా మోసే దారం.
వెనక నుంచైతే రెండు గదులకీ ఒకే తలుపు,
ఈ వాచిన చర్మం ఒప్పుకుంటే.
బయటి వైపు దగ్గర. కొస అందదేమో.

"గంప నెత్తికెత్తుకోగల్నేటి బాబూ?"
మంచి చేత్తో గాల్లో చూపించింది,
చెయ్యి ఎంత ఎత్తుకు లేవాలో.

పగిలిన తల తీసి పక్కనపెడితే
ఆ సందులోంచే కొస కనబడుతుంది.
బయటి వైపు గీత గీశాను.
లోపలి వైపు కూడా
శుభ్రం చేసి ఉంచమన్నాను,
ఎందుకైనా మంచిదని.