పై మూరెడు

కాట్రేనికోన దాటాక, మూతబడ్డ రొయ్యల చెరువు గట్టు మీద
గొట్టం దింపమన్నారు.
విశాఖపట్నం నుంచి ముగ్గురు పిల్లలూ, ఒక మేడమూ.
నీళ్ళు అక్కర్లేదంట. మట్టే కావాలంట.
ముప్పై ఏళ్ళుగా చేతిబోర్లు వేస్తున్నాను, ఆయ్,
మట్టి కోసం కూలి ఇచ్చింది వీళ్ళే.

పెసింగి లోవరాజంటే ఈ లంకల్లో తెలియనివాడు లేడు.
వేళ్ళకంటిన బంక చూసి చెప్తాను
ఇంకెన్ని బారల కింద తీపి తగులుతుందో.
నాలిక మీద వేసుకుని కూడా చెప్తాను.
మేడం నవ్వలేదు. రాసుకుంది.

గొట్టాన్ని నిలువునా కోశారు,
పులసను చీరినంత జాగ్రత్తగా, జన చెదరకుండా.
అడుగున నీలిబంక. అందులో మడవేరొకటి, ఇంకా పీచుపీచుగా.
దాని మీద గుల్ల. ఆ పైన ఒండ్రు,
ఎర్రనీళ్ళు వచ్చిన ప్రతి ఏడూ ఒక చార,
గోరంత, గోరంత, గోరంత,
పాపికొండల అవతలివాడెవడో
వాయిదాల మీద బాకీ తీర్చినట్టు.

పైకొచ్చేకొద్దీ చారలు సన్నబడ్డాయి.
"ఎగువన ఆపేస్తున్నారు కదండీ," అన్నాడు కుర్రాడు.
ఆపింది నీళ్ళనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
నేల ఆగిపోయిందని
గొట్టం కోసేదాకా తెలీదు.

ఒకచోట వేలిమందాన బూడిదరంగు ఇసక.
సముద్రానిది.
ఇదేంటండీ అని ఆ పిల్ల అడిగితే నేనే చెప్పాను,
తొంభై ఆరు, నవంబరు, రాత్రి.
స్కేలు పెట్టి కొలిచి, పక్కన అంకె వేసింది.
మా చెల్లెలు నూకరత్నం ఆ వేలిమందంలోనే ఉంది.
అది చెప్పలేదు.

ఆ పైన మూరెడు.
నలుపు. కుళ్ళిన గుడ్డు వాసన.
నీలం వలపోగు. మేత బస్తా పీలిక,
మీద రొయ్య బొమ్మలో మీసాలే మిగిలాయి.
రూపాయి షాంపూ ప్యాకెట్టు, రంగు చెక్కుచెదరలేదు.
మా నాయన పెళ్ళి ఫొటోలో రంగెప్పుడో పోయింది.
నత్త ఒక్కటి లేదు.

"ఈ పొరకి పేరుందామ్మా?"
"పెద్దవాళ్ళింకా తేల్చుకోలేదండి, వాదించుకుంటున్నారు."
బారసాల కాకుండానే
బిడ్డకి పళ్ళొచ్చేశాయి.

అవతల గ్యాసు మంట పగలు కూడా వెలుగుతోంది.
కింద నుంచి తోడినకొద్దీ నేల దిగుతుందంటారు. నాకు తెలీదు.
బలుసుతిప్పలో మా వీధికి మాత్రం
పున్నమి పోటు ఇదివరకు రేవు దగ్గరే ఆగేది,
ఇప్పుడు గుమ్మంలో చెప్పులు తడుపుతోంది.

వాళ్ళు చీటీలు అంటిస్తుంటే నా లెక్క నేను వేసుకున్నాను.
మొదట్లో ఇరవై అడుగులు. తరవాత అరవై. తరవాత నూట ఎనభై.
తీపి దిగిపోతుంటే వెంటపడ్డాను.
ఉప్పు తగిలిందా, వదిలెయ్, పక్కన ఇంకోటి.
నాలుగొందల పైచిలుకు గొట్టాలు.
పైకి తీసింది ఒక్కటీ లేదు.
తీస్తే కూలి గిట్టదు.

ఎప్పటికో, నాలాంటివాడే ఒకడు
ఇక్కడ ముక్కాలి పాతితే
నిలువుగా, తెల్లగా, వరసగా తగుల్తాయవి.
చెట్టు వేళ్ళనుకుంటాడేమో.
ఆకు లేదు, కాయ లేదు,
దాహంతో ఉప్పులోకి దిగిన చెట్టు.
నాలిక మీద వేసుకుని చూస్తాడా?

పొద్దుగూకేసరికి మట్టిని తడిబట్టలో చుట్టి జీపెక్కించారు.
కూలి లెక్కపెట్టి ఇచ్చారు, ఒక్క రూపాయి తగ్గలేదు.
గుంత పూడ్చేయమన్నారు, పశువు కాలు పడుతుందని.
చుట్టూ చూశాను. గట్టు మీద మన్నంతా వానకెప్పుడో జారిపోయింది.
దొరికింది మూడు మేత బస్తాలూ,
విరిగిన ఏరేటరు రెక్కా.
అవే కుక్కి
మడమతో తొక్కాను.