ఇంకో గల్ఫు

పొద్దున ఐదుంబావుకి మంగాఫ్‌లో బస్సెక్కితే
హవల్లీ బడి గేటు దాకా నా పని లెక్కే.
ఎక్కినోళ్ళు ఎందరు, దిగాల్సినోళ్ళు ఎందరు.
కునుకు తీసిన బిడ్డ ఒక్కటి కూడా
వెనక సీట్లో మిగిలిపోగూడదు.
ముప్పైనాలుగు తలకాయలు,
ముప్పైనాలుగు నీళ్ళ సీసాలు.

ఈ నెల వాళ్ళకి అమెరికా పోటీ.
కువైటోళ్ళ పిల్లలు, లెబనానోళ్ళ పిల్లలు, ఒక కొరియా పిల్లోడు,
ఆ దేశం చూసినోళ్ళు నలుగురో ఐదుగురో,
అందరూ బట్టీ పడతా ఉండారు.
ప్రశ్నల అట్టలు నా చేతికిచ్చి
"అడుగు ఆయా" అంటారు.
నేను కూడబలుక్కుని చదువుతా.
తప్పు పలికితే నవ్వి, సరిచేసి, జవాబు చెప్తారు.
అట్లట్లా నాకూ ఎక్కింది.

పక్కన ఒకే ఒక్క రాష్ట్రం ఉండే రాష్ట్రం?
మెయిన్.
పాపం, పిట్టగోడ మీద నించి మాట్లాడుకోను
ఒక్క ఇంటామె తప్ప ఇంకెవురూ లేరు దానికి.

అలాస్కాని ఎంతకి కొన్నారు?
ఎకరా రెండు సెంట్ల లెక్కన.
మా పక్క సెంటంటే నేల, వాళ్ళకి సెంటంటే దుడ్డు.
కోడూరు దగ్గర నలభై సెంట్ల నిమ్మతోటకి
పదకొండేండ్లుగా నేను తలకాయలు లెక్కబెడతా ఉండా.

చేతిలో దివిటీ పట్టుకున్న పచ్చమ్మ
ఫ్రాన్సులో తయారయిందంట.
మూడొందలయాభై ముక్కలు చేసి
రెండొందలపద్నాలుగు పెట్టెల్లో ఓడెక్కించినారంట.
దిగినాక నిలబడను అరుగు లేక
ఏడాది పాటు పెట్టెల్లోనే ఉండిందంట.
నాకు నవ్వొచ్చింది.
ఏజెంటు ఆఫీసులో నేనూ పదార్రోజులు
పెట్టె పక్కన పెట్టె మాదిరి కూర్చున్నా.

"మిసిసిపీ నది యాడ కలుస్తుంది?"
"గల్ఫులో."
"ఈ గల్ఫులోనా?"
బస్సంతా ఒకటే నవ్వు.
"కాదాయా, అమెరికా కింద ఇంకో గల్ఫు ఉంది."
అద్దంలో నించి డ్రైవర్ గౌస్‌పీర్ అన్నాడు:
"గల్ఫు లేకుండా ఎవురికీ జరగదులే అక్కా."

తర్వాతి అట్ట.
జూన్ పందొమ్మిది, ఏం జరిగింది?
దానా అనే పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పింది:
బానిసలకి విడుదలని కాగితం మీద సంతకం పడిన
రెండున్నరేండ్లకి
ఆ కబురు గాల్వెస్టన్ చేరింది.
"గాల్వెస్టన్ యాడుంది పాపా?"
"గల్ఫు ఒడ్డున."

చెంగమ్మ గుర్తొచ్చింది.
కఫీల్ దగ్గర పాస్‌పోర్టు వదిలేసి
చెప్పుల్లేకుండా గోడ దూకి
ఖల్లివల్లి అయిపోయిన చెంగమ్మ.
జలీబ్‌లో ఒక రూములో తొమ్మిదిమంది,
తలుపు చప్పుడైతే మంచం కిందికి.
క్షమాభిక్ష పెట్టినారని, జరిమానా లేకుండా
ఇంటికి పోవచ్చని
నాకు ముందే తెలుసు.
శుక్రవారం పోయి చెప్దాంలే అనుకున్నా.
ఆ శుక్రవారం తలనొప్పి.
ఇంకో శుక్రవారం చీటీపాట.
మూడోవారం పోయేసరికి గడువు దాటి రెండ్రోజులు.
చెంగమ్మ నన్నేమీ అనలేదు,
టీ పెట్టిచ్చింది, చక్కెర ఎక్కువేసి.

"ఆ కబురు మోసుకొచ్చేవాళ్ళు
దారిలో ఇన్నాళ్ళు ఏం చేస్తా ఉండినారు?"
నేను అడిగినా.
పిల్లలు మొగాలు చూసుకున్నారు.
"అది అట్టలో లేదు ఆయా."

బడి గేటు. ఒకటి, రెండు, మూడు...
ముప్పైనాలుగు దిగినాయి.
అయినా వెనక వరస దాకా పోయి వంగి చూసినా.
ఎవురూ లేరు. సీటు కింద ఒక అట్ట పడుండింది.
అన్నిటికంటే చిన్న రాష్ట్రం ఏది?
ఆ కొరియా పిల్లోడిది. రేపే వాడి పోటీ.
తుడిచి జాకెట్టులో పెట్టుకున్నా.
మధ్యాన్నం బస్సుకే ఇచ్చెయ్యాల.
ఈ పొద్దే ఇచ్చెయ్యాల.