మంచిగనే

కోఠి గుజరాతీ గల్లీల, రెండో మలుపుకు నా దుకాణం.
మూడు కుర్సీల జాగ. టంకం పొగ వాసన.
ఇరవై తొమ్మిదేండ్ల సంది
'బండ' వాళ్ళ ఆంప్లిఫయర్లు నేనే విప్పుతున్న, నేనే బిగిస్తున్న.
రాక్ అంటే బండే గదా అని
ఆ పేరు పెట్టింది మాణిక్యేశ్వరి.

మీరు విని ఉండరు.
వినకపోవడానికి కారణం గూడ ఉన్నది:
వాళ్ళకు ఒక్క చెడ్డ ఏడు లేదు.

పడ్డోళ్ళ ముచ్చట చెప్పనీకి బాగుంటది.
మొదటి రెండు ఆల్బమ్‌లు నిప్పు, తర్వాత మందు, తర్వాత కోర్టు,
ఆఖరికి ఒకడు పెండ్లిళ్ళల్ల కీబోర్డు వాయించుకుంట...
ఛాయ్ చల్లారేదాక చెప్పొచ్చు.
నిలబడ్డోళ్ళ గురించి ఏం చెప్తవ్?
నల్లా తిప్పితే నీళ్ళొచ్చినయని
ఎవడన్న ఇంటికొచ్చి చెప్తడా?

డెస్మండ్ లాలాగూడ వర్క్‌షాప్‌ల ఫిట్టరు.
బేస్ గిటార్ మెడను, బోగీ ఇరుసు చూసినట్టు
ఒక కన్ను మూసి చూస్తడు.
సాల్మిన్‌ది ఏసీ గార్డ్స్, తాతలనాటి మర్ఫా చేతులు.
డ్రమ్ముల ముంగట కూసోని కట్టెలు పట్టినా
బొటనవేలు ఇంకా తోలునే దేవులాడుతది.
మాణిక్యేశ్వరి మల్కాజిగిరి సర్కారు బడిల లెక్కల టీచరు.
గొంతు చించుకునే పాటకు ముందు
సుద్దపొడి దులుపుకున్నట్టు చేతులు దులుపుకుంటది.
లీడ్ గిటార్ పరాంకుశం. ఆయన మాట్లాడడు,
ఆయన గురించి నేను గూడ మాట్లాడ.

తొంభై తొమ్మిదిల సంగతి.
మూడో ఆల్బమ్. పదకొండు పాటలు. మిత్తికి తెచ్చిన పైసలు.
రికార్డింగ్ అయిపోయి, అందరం కింద కూసోని విన్నం.
ఫ్యాన్ తిరుగుతున్నది.
సాల్మిన్ గడ్డం గోక్కొని అన్నడు:
"మంచిగనే ఉన్నది."

మంచిగుంది అంటే ఒకటి.
మంచిగనే ఉంది అంటే ఇంకొకటి.
నడుమ ఒక్క అక్షరం,
సూది మొన మీద పట్టేంత 'నే'.
పక్కింటి కూర గురించి అన్నా సరే,
ఆ 'నే' తర్వాత ఎవరూ రెండోసారి వడ్డించుకోరు.

ఎవరూ కొట్లాడలే.
డెస్మండ్ లేచి టేపు ఎనక్కి తిప్పిండు.
దాని మీదనే కొత్తగ మొదలువెట్టిన్రు,
ఎనిమిది నెలలు, మొత్తం పదకొండు.
అప్పు నాలుగేండ్లు కట్టిన్రు.

ఆ ఆల్బమ్ ఇప్పుడు వింటే
నాలుగో పాటల, గిటార్ ఆగి ఊపిరి తీసుకునే కాడ
చెరిగీ చెరగని కింది పాట
గోడ అవతలి మనిషి లెక్క వినిపిస్తది.
చెరిపే హెడ్డు నేనే సరిగ్గ తుడవలే,
అందుకే నాకొక్కనికే తెలుసు.
నిజం చెప్తున్న, అది గూడ మంచి పాటే.
వేరేటోళ్ళయితే దాని మీద ఇల్లు కట్టుకుందురు.

ప్రతి ప్రోగ్రాం అయినంక, నేను వైర్లు చుడుతుంటె
మాణిక్యేశ్వరి వచ్చి అడుగుతది: "ఎట్లుండె?"
"మంచిగుండె" అంట.
అనేముందు నాలుక మీద 'నే' ఉన్నదేమోనని తడుముకుంట,
అన్నంల రాయి కోసం తడుముకున్నట్టు.
ఇన్నేండ్లల్ల తగల్లే.

మొన్న శనివారం, మౌలాలి గుట్ట కింద ఫంక్షన్ హాల్.
వాన. అరవై కుర్చీలు, పంతొమ్మిది మంది.
డెస్మండ్ మోకాలికి పట్టీ.
సాల్మిన్ కంటి ఆపరేషనై నెల.
చప్పట్లు మంచిగనే కొట్టిన్రు.
మూడో పాటల, రెండో చరణం కాడ
ఏదో వదులైంది. బోల్టు కాదు, తీగ కాదు,
నేను విప్పి చూడగలిగేది కాదు.

వైర్లు చుడుతున్న. ఆమె వచ్చింది.
"ఎట్లుండె?"
"మంచిగ..." అన్న.
అక్కడ ఆగిన.

ఆమె నా చేతిలకెల్లి వైరు చివర అందుకొని
రెండు చుట్లు చుట్టింది.
"సోమవారం ఆరింటికి," అన్నది,
"ఆ మూడోది మల్లొకసారి చూద్దాం."

గిటార్ సంచి జిప్పు గుంజుకుంట పరాంకుశం,
"ఐదున్నరకు" అన్నడు.