రెండు పొట్టల బండి

నాలుగు పొట్టల జీవాలతోని
పందొమ్మిదేండ్లు గడిపినదాన్ని,
రెండు పొట్టల బండి ముందట
బిత్తరపోయి నిలబడ్డ.
ఒక పొట్టల కరెంటు, ఒక పొట్టల పెట్రోలు.
ఏది ముందు ఆకలైతదో
అమ్మేటాయనకే తెల్వదు.

ఆయన పండ్ల డాక్టరు, ఖుద్దూస్ సాబు.
నల్లగొండల, రామగిరి సందుల, రేకుల షెడ్డు కింద
ఐదేండ్ల బండి. తెల్లది. డోరుకు చిన్న సొట్ట.
డిక్కీ లేపి చూస్తె
ఛార్జింగు తీగ చుట్ట,
కంపెనీ కవరు గూడ చింపలె.
సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టు
ఐదేండ్లు బంకుల సుట్టు తిరిగిండు మనిషి.

బర్రె నీళ్లల్ల ఉంటె బేరం చెయ్యొద్దని
రైతులకు చెప్పేదాన్ని నేనే.
ఒడ్డుకు తోలాలె, పొదుగు పట్టి చూడాలె,
రెండు పూటల పాలు కండ్ల ముందట పిండాలె.
బ్యాటరీకి పొదుగేది?
అప్పటికప్పుడు కవరు చింపి, నిండ పెట్టి చూస్తె
కాయితం మీద నలభై,
తెర మీద ఇరవై ఎనిమిది.
"ఇది ముసలితనమా, పిండక ఎండిందా?"
మెకానిక్ జాంగీరు చెవి గోక్కున్నడు.
"బండి సంగతి తర్వాత మేడం,
మీరు రోజుకు ఎంత తిరుగుతరు?"
"శాన."
"శాన అంటె?"

ఆ రాత్రి
గాలికుంటు టీకాల రిజిస్టరు వెనక పేజీల
గీతలు కొట్టి, పద్నాలుగు రోజులు రాసిన.
సోమారం, కనగల్లు దవాఖాన, పోను రాను ఇరవై ఆరు.
మంగళారం ఇరవై ఆరు.
బుధారం అర్ధరాత్రి గుర్రంపోడు దిక్కు,
అడ్డం తిరిగిన దూడ, డెబ్బై నాలుగు.
దూడ దక్కలె. తల్లి లేచింది.
(ఆ గడిల ఇది రాసే జాగ లేదు.)
బేస్తారం ఇరవై ఆరే అనుకున్న,
మీటరు ముప్పై ఐదు అన్నది.
శుక్కురారం గూడ ముప్పై ఐదే.

ఈ తొమ్మిది యాడికెల్లి వచ్చింది?

పొద్దూకంగ ఇంటి గల్లీ దాటేసి
ఉదయసముద్రం కట్ట దాక పోయి,
ఇంజను ఆపి, అద్దం దించి,
ఎవ్వరికి ఏ మందు చెప్పకుంట
పది నిమిషాలు కూసొని వచ్చే అలవాటు
నాకే తెల్వకుంట నాకున్నది.

ఇరవై ఆరుకు బ్యాటరీ చాలు.
ముప్పై ఐదుకు చాలదు.
కట్ట మీదికి పోవుడు బంద్ చేస్తె
బంకు మొకం చూసే పని లేదు,
బుధారాలు తప్ప.
బండి కోసం కట్టను ఇడిసిపెట్టాల్నా?
జాంగీరు దగ్గర ఈ లెక్కకు పానా లేదు.

ఇంగ ప్లగ్గు.
దవాఖానల ఎర్తున్న సాకెట్టు ఒక్కటే,
దానికి టీకాల ఫ్రిజ్జు.
కిరాయింటి కింద, బోరు మోటరు పక్కన ఒకటున్నది.
ఇంటామె ఆండాలమ్మ నోరు తెరిచింది.
"బండికి కరెంటు తాపుతవా? సెల్లుఫోను లెక్క, రాత్రంతా?
మీటరు వేరే పెట్టించుకో బిడ్డ.
నేను మోటరు ఏసినప్పుడు మాత్రం పీకెయ్యి."

నిన్న కనగల్లు తొవ్వల నడిపి చూసిన.
సప్పుడే లేదు.
నడిరోడ్డు మీద బర్రె జరగలె.
నా పాత డీజిలు బండి సప్పుడు వింటెనే
సూది యాదికొచ్చి ఉరికే గొడ్లు
మొదటిసారి
నన్ను నిమ్మలంగ చూసినయ్.

వచ్చేటప్పుడు కట్ట మీదికే తిప్పిన.
సరిగ్గ నీళ్లు కనపడంగనె
లోపల పెట్రోలు ఇంజను గుర్రుమని లేచింది,
పండుకున్న మనిషి లేచి
"ఇంకా యాడికి?" అన్నట్టు.

రిజిస్టరుల రాసిన: ముప్పై ఐదు.
దాని కింద, చేతివాటం కొద్ది:
పొదుగు మంచిదే. ఒక చన్ను ఎండింది.
ఎనభై వేలు తగ్గియ్యమని
రేపు పండ్ల డాక్టరుకు ఫోను చెయ్యాలె.