ఇరవై అడుగుల మడి

నెబ్రాస్కాలో చిన్న కాలేజీ.
మైదానంలో తెల్లగీతలు గీసే బండి నాది.
పంతొమ్మిదేళ్ళుగా
వంకర పోకుండా నడవడమే ఉద్యోగం.

సెప్టెంబరులో డీన్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది:
లైబ్రరీ మెట్ల ముందు
ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు,
లోపల స్వేచ్ఛగా మాట్లాడుకోవచ్చు.
మూడు రోజుల ముందు ఫారం నింపాలి.
గీత బయట మాట్లాడితే ఏమవుతుందో రాయలేదు.
నేనూ అడగలేదు.
తోటకూర మడికి కొలిచినట్టు
టేపు పట్టి కొలిచాను.

మొదట వచ్చినవాడు కర్టిస్ హోలుబ్.
గొంతు చాలదని మెగాఫోను తెచ్చుకున్నాడు.
మాంసం ఫ్యాక్టరీ పనికి వచ్చి
ఊళ్ళో స్థిరపడ్డవాళ్ళ దేవుణ్ణీ తిండినీ తలగుడ్డనీ
ఒక్కొక్కటే పేరు పెట్టి ఏకాడు.
కాలి బొటనవేలు కూడా గీత దాటలేదు.
చట్టమంటే ఎంత భక్తో!

ఇద్మాన్ ఆ దారినే ల్యాబుకి వెళ్ళాలి.
వారం రోజులు తలొంచుకుని వెళ్ళింది.
తర్వాత నీళ్ళ ట్యాంకు వెనక నుంచి చుట్టు తిరిగి,
నవంబరు ఈదురుగాలిలో
ఏడు నిమిషాలు ఎక్కువ.
ఆ ఏడు నిమిషాలు రాయడానికి
ఏ ఫారంలోనూ గడి లేదు.

చివరికి అర్జీ పెట్టింది.
అతని నోరు ముయ్యమనలేదు,
నా దారికి అడ్డం తియ్యమంది, అంతే.
డీన్ మంచివాడు. విన్నాడు.
మడిని బాయిలర్ గది వెనక్కి జరపమన్నాడు.
పాత గీత రెండుసార్లు గడ్డి కోస్తే గాని పోలేదు.

బాయిలర్ గురకలో హోలుబ్ రెండు రోజులు అరిచాడు.
మూడో రోజు రాలేదు.
అబద్ధమెందుకు, నాకు హాయిగానే ఉండింది.

మార్చిలో క్యాంటీన్లో గిన్నెలు తోమేవాళ్ళ గంటలు కోసేశారు.
సాయంత్రాలు అక్కడ పనిచేసే ఇద్మాన్
ఫారం నింపింది. మూడు రోజులు ఆగింది.
అనుమతి వచ్చింది,
బాయిలర్ గది వెనక.

పదకొండు మంది, నాలుగు అట్టముక్కలు.
ఎవరికి ఎన్ని డాలర్లు తగ్గాయో
కాగితం చూసి చదివింది.
విన్నది నేనొక్కణ్ణే, అదీ సగం.
నేను విని ఏం లాభం,
నా జీతం ఇచ్చేదీ వాళ్ళే.
మడి కట్టుకున్న మాట అది,
ఎవరికీ తగలకుండా
వచ్చిన దారినే పోయింది.

"ఆ అర్జీ పెట్టకపోతే బాగుండేదా?" అన్నాను
అట్టలు మడుస్తుంటే.
చాలాసేపు మాట్లాడలేదు.
"అదే చలి, అదే మెగాఫోను అయితే
మళ్ళీ పెడతాను.
కానీ ఎక్కడికి జరుపుతారని
అడగాల్సింది."

ఏప్రిల్లో ఎవరూ అనుకోని మంచు.
తెల్లారేసరికి గీతలన్నీ కప్పడిపోయాయి,
గోల్‌పోస్టు దగ్గరవీ, బాయిలర్ దగ్గరవీ.
ఇద్మాన్ వచ్చి
లైబ్రరీ మెట్ల మీద నిలబడింది.
ఫారం లేదు. అట్టముక్క లేదు.
క్లాసులకి పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు, తర్వాత ఆరుగురు.

డీన్ కిటికీ తెరిచి
గీత ఏదీ అన్నట్టు చెయ్యి ఊపాడు.
పెయింటు గడ్డకట్టిందన్నాను.
గడ్డకట్టలేదు.
బండి హ్యాండిల్ మీద చెయ్యి అలాగే ఉంచి
చూస్తూ నిలబడ్డాను.

అవతలి గేటు నుంచి
మంచులో కాళ్ళు దిగబడుతూ
హోలుబ్ వస్తున్నాడు,
చంకలో మెగాఫోనుతో.