ఉండగా, వస్తే, జరగాలి

ఫిబ్రవరి. ఎస్టోనియా పడమటి రేవులో
సముద్రం సగం గడ్డకట్టి, సగం నసుగుతోంది.
దీవికి పోయే ఫెర్రీ టికెట్ల కోసం
ముగ్గురం కొత్త ప్రోగ్రాం రాస్తున్నాం,
పాత చేపల గిడ్డంగి పైగదిలో.
హీటరు ఒకటి, కుర్చీలు రెండున్నర.

మేరికె ముందు ఓడిపోతుంది, తర్వాతే మొదలుపెడుతుంది.
ఇంకా పుట్టని ఫంక్షన్‌ని నిలదీస్తుంది:
"పన్నెండేళ్ల పిల్లకి సగం ధర. ఏదీ, చెప్పు?"
చెప్పడానికి ఎవరూ లేరు. తెర మీద ఎరుపు.
అప్పుడు నాలుగు పంక్తులు,
అంతకు మించి అక్షరం రాయదు.
పచ్చ.
ఆపైన ఎంగిలి గిన్నెల్లా
రాసినదాన్నే తోమి బోర్లిస్తుంది.
మళ్లీ ఎరుపు. రోజుకి నలభైసార్లు
ఓడి గెలిచే మనిషి
సాయంత్రం బస్సులో హాయిగా నిద్రపోతుంది.

తానెల్ అలా కాదు. కోడ్ తెరవడు.
కాఫీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని కిందికి దిగుతాడు,
ముప్పై ఏళ్లుగా టికెట్లు చింపుతున్న లేయిదా దగ్గరికి.
ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తాడు:
గాలి హోరుగా ఉండగా,
చివరి ఫెర్రీకి జనం వస్తే,
డబ్బు వాపసు జరగాలి.
ఉండగా, వస్తే, జరగాలి.
ఆ మూడు మెట్ల మీదే అతని లోకం ఎక్కుతుంది, దిగుతుంది.

"ఇది టెస్టా, అమ్మలక్కల కబురా?" అంటుంది మేరికె.
"నీ ఫంక్షన్లు వాటిలో అవే మాట్లాడుకుంటాయి," అంటాడు అతను.
నేను హీటరు వైపు జరుగుతాను.

నిజం చెప్పాలంటే నేను మేరికె పక్షం.
తానెల్ కథలన్నీ నెగ్గిన రోజునే
ముగ్గురు పిల్లల కుటుంబానికి ఒక సెంటు ఎక్కువ పడింది.
పట్టింది ఆమె టెస్టే.

మంగళవారం లేయిదా
తల ఎత్తకుండా అడిగిందట:
"శవపేటిక వస్తే?"

తానెల్ ఆ మాటని పైకి మోసుకొచ్చాడు.
మేరికె తెర మీద మూడువందల పన్నెండు పచ్చ గీతలు.
వాహనం ఉంది, పొడవుతో సహా.
సరుకు ఉంది, బరువుతో సహా.
ప్రయాణికుడు ఉన్నాడు, వయసుతో సహా.
చనిపోయి ఇంటికి వెళ్తున్న మనిషి
ఏ గడిలోనూ లేడు.

మేరికె మొదటిసారి కిందికి దిగింది.

"సరుకు కాదు," అంది లేయిదా.
"మనుషుల లెక్కలోనే వేస్తాను. డబ్బు తీసుకోను.
పేరు మాత్రం అడుగుతాను.
అవతలి ఒడ్డున వాళ్లవాళ్లు నిలబడి ఉంటారు,
ఎంతమంది దిగుతారో లెక్క తప్పకూడదు కదా."
"మరి వయసు గడిలో ఏం వేస్తారు?"
"ఖాళీగా వదిలేస్తాను."

తానెల్ పెన్ను తీశాడు, రాయలేదు.

ఆ సాయంత్రం మేరికె పైకి వెళ్లి టెస్టు రాసింది:
వయసు లేని ప్రయాణికుడు. ధర సున్నా. పేరు తప్పనిసరి.
తెర ఎర్రబడింది.
చాలాసేపు ఎర్రగానే ఉంచింది.
కింద రేవులో ర్యాంపు దించుతున్న చప్పుడు,
మంచుపలకలు విరుగుతున్న చప్పుడు.
ఆమె బస్సు వెళ్లిపోయింది.